తొలినాటి హైబ్రిడ్ కార్లు కొన్నవాళ్లకు గిట్టుబాటయ్యాయా?

డబ్బు లెక్క ఒక్కటే చూస్తే, మొదట్లో చాలామందికి కాలేదు. 2000లో టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారు) అమెరికాకు వచ్చినప్పుడు ధర దాదాపు 20,000 డాలర్లు. అదే సైజు మామూలు కారు కంటే 4,000 ఎక్కువ పెట్టారనుకుందాం. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే కారు 400 గ్యాలన్లు తాగుతుంది, 48 ఇచ్చేది 250. మిగిలేది 150 గ్యాలన్లు. అప్పట్లో పెట్రోలు గ్యాలన్ ఒకటిన్నర డాలర్ల చొప్పున, ఏడాదికి 225 డాలర్లు. పెట్టింది రావడానికి దాదాపు 18 ఏళ్లు! అన్నాళ్లు ఒకే కారు ఉంచుకునేదెవరు?

2008 వేసవిలో గ్యాలన్ 4 డాలర్లు దాటేసరికి ఇదే లెక్క ఏడేళ్ల లోపుకు దిగింది. 2006 నుంచి కొన్నాళ్లపాటు వచ్చిన పన్ను రాయితీ కూడా కలిసొచ్చింది.

ఇంకో సంగతి, ఎక్కడ నడుపుతారన్నది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత చార్జ్ అవుతుంది కాబట్టి, సిటీ ట్రాఫిక్‌లోనే లాభం ఎక్కువ. హైవే మీద తిరిగేవాళ్లకు అంత తేడా ఉండదు. బ్యాటరీ పోతుందేమోనన్న టెన్షన్ అందరికీ ఉండేది గానీ, దానికి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇచ్చారు. నా మటుకు నేనైతే, సిటీలో రోజంతా తిరిగే టాక్సీకైతే కొనమనేవాణ్ణి, ఆదివారం షికారుకైతే వద్దనేవాణ్ణి.