పాడుబడిన పక్కిల్లు: కూల్చాలా, నిలబెట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం దగ్గరి పాత వీధి. మా ఇంటిని ఆనుకుని ఉన్న మిద్దెకు పదకొండేళ్ళుగా తాళం వేసి ఉంది. పెద్దాయన పోయాక పిల్లలు నలుగురూ బెంగళూరులో, చెన్నైలో స్థిరపడ్డారు. వాటాలు తేలక ఆ ఇంటిని ఎవరూ ముట్టుకోవడం లేదు. 2021 నవంబరు వానలకు వెనుక వసారా కూలింది. ఇప్పుడు వీధివైపు గోడలో రావిమొక్క పెరిగి, గోడ బయటికి ఉబ్బింది. అమెరికాలో డెట్రాయిట్ నగరం దగ్గర ఉంటున్న మా అబ్బాయి, అక్కడ ఇలాంటి ఇళ్ళను ప్రభుత్వమే వేల సంఖ్యలో కూల్పించిందని చెబుతున్నాడు. వీధివాళ్ళం కలిసి ఇక్కడ ఏమి చేయగలం? కూల్పిస్తే మా గోడకు ముప్పు ఉండదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరపడితే నష్టం జరిగేది అక్కడే. పాత వీధుల్లో రెండిళ్ళకూ కలిపి ఒకటే గోడ ఉండటం మామూలు. మీ ఇంటి దూలాలు ఆ ఉమ్మడి గోడ మీద ఆని ఉంటే, అవతలివైపు జేసీబీతో లాగిన రోజున మీ కప్పు కూడా కదులుతుంది. కాబట్టి కూల్చక తప్పని భాగాన్నైనా ముందు కప్పు, తరువాత దూలాలు, ఆ తరువాత గోడ అన్న వరుసలో మనుషులతోనే విప్పించాలనీ, ఉమ్మడి గోడకు ముందుగానే ఊతాలు పెట్టించాలనీ నగరపాలక సంస్థ కమిషనరుకు పెట్టే అర్జీలోనే రాయండి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. డెట్రాయిట్ జనాభా 1950లో 18 లక్షల 49 వేలు ఉండగా, 2020 నాటికి 6 లక్షల 39 వేలకు పడిపోయింది. కొనేవారు లేక, పన్ను కట్టేవారు లేక వదిలేసిన ఇళ్ళు పన్ను బకాయి కింద ప్రభుత్వ సంస్థల చేతికి వచ్చాయి. కూల్చవలసిన స్థితిలో ఉన్న కట్టడాలు 40 వేలకు పైగా ఉన్నాయని 2014లో లెక్క తేలింది. తిరుపతిలో ఎవరూ స్థలాన్ని వదులుకోరు. స్థలం ధర ఏటా పెరుగుతుండటంవల్లే ఏ వారసుడూ తన పట్టు సడలించడు, ఇల్లేమో ఈలోగా వానకు నానుతూ ఉంటుంది. అక్కడ కూల్చడానికి డబ్బు వెతుక్కోవాలి, మనకు నలుగురి సంతకాలు కావాలి.

అయితే వాటాలు తేలేదాకా మీరు ఆగనవసరం లేదు, ఈ సంగతి మీ వీధిలో అందరికీ తెలియాలి. నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి చట్టంలోని 456వ సెక్షను ప్రకారం, కూలేటట్లున్న కట్టడాన్ని పడగొట్టమని గానీ, భద్రపరచమని గానీ, మరమ్మతు చేయించమని గానీ కమిషనరు నోటీసు ఇవ్వవచ్చు. వీధిలో నడిచేవారికి దెబ్బ తగలకుండా వెంటనే కంచె వేయమని కూడా ఆదేశించవచ్చు. నోటీసు వచ్చిందంటే ఇల్లు నేలమట్టమేనని వారసులు భయపడతారు గనుక, మరమ్మతుకూ అందులో చోటుందని వారికి మీరే చెప్పండి. అక్కడ పని కదలకపోతే ఆర్డీవో గారికి అర్జీ పెట్టండి. పడిపోయి పొరుగువారికో దారినపోయేవారికో హాని చేయగల కట్టడాన్ని సరిచేయమని, లేదా తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో ఆయనకు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వది.

అర్జీకి బలం సాక్ష్యంతోనే వస్తుంది. మీవైపు గోడలో పగులు ఉంటే, దానికి అడ్డంగా సన్నని గాజుముక్కను రెండు చివరలా సిమెంటుతో అంటించి, పక్కన తేదీ రాసి ఫొటో తీయండి. గాజు విరిగితే గోడ కదులుతున్నట్లే, అప్పుడు మళ్ళీ ఫొటో తీయండి. తాళం వేసిన ఇంట్లోకి మాత్రం ఎవరూ దిగవద్దు. రావిమొక్కను పీకవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఇటుకల సందుల్లో అల్లుకున్న వేరు బయటికి వస్తూ గోడనూ వెంట తెస్తుంది.

వారసులకు కూడా ఒక దారి ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు ఉండదు, అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు. నలుగురూ ఆ ఇంట్లో పెరిగిన పిల్లలే కదా, నోటీసుకన్నా ముందు వీధి పెద్దల చేత ఒక ఫోను చేయించండి. మాట వినే అవకాశం ఉన్నచోట ఆ అవకాశం ఇవ్వడం న్యాయం.

ప్రశ్న: చిత్తూరులో మా తాతగారు కట్టించిన సున్నపు మిద్దె కురుస్తోంది. మేస్త్రీ మొత్తం కూల్చి కొత్తది కట్టుకోమంటున్నాడు. బాగుచేసుకునే వీలు లేదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కూల్చే నిర్ణయానికి ముందు దూలాల కొనలు చూపించండి. ఇలాంటి మద్రాసు టెర్రస్ కప్పులో, అంటే దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసే మిద్దెలో, దూలం నడుమ చెడటం అరుదు. గోడలోకి దిగిన కొన తడికి పుచ్చుతుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే పొట్టులా రాలుతుంది. రెండు మూడు దూలాలే చెడివుంటే వాటినే మార్చవచ్చు. సగానికి పైగా చెడితే, గోడ కూడా నిలువు తప్పివుంటే, మీ మేస్త్రీ మాట వినడమే క్షేమం.

సున్నపు గోడకు సిమెంటు పూత మాత్రం వేయించకండి. లోపలికి చేరిన తేమను సున్నం బయటికి వదులుతుంది, సిమెంటు ఆపేస్తుంది, అప్పుడు గోడ లోలోపలే గుల్లబారుతుంది. బాగుచేశామన్న నమ్మకంతో ఇలా పాడుచేసుకున్న ఇళ్ళను చూసి నేను ఎన్నోసార్లు బాధపడ్డాను. నీళ్ళు పోయే తూములు శుభ్రం చేయించి, మిద్దె మీద గచ్చును సున్నంతోనే వేయించండి. ఆ పని వేసవిలో మొదలుపెడితే, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునేలోపు గచ్చు గట్టిపడుతుంది.