వాట్సాప్‌లో చీరల రీసేల్: ధర అడిగేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లు లేరు. ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న ఇది: ఇంటి నుంచే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు రీసేల్ చేస్తున్నారు. గ్రూపులో 400 మంది ఉన్నారు, రోజూ ఇరవై ముప్పై ఫొటోలు పెడుతున్నారు, అయినా నెలకు పది పన్నెండు చీరలే కదులుతున్నాయి. ఫాలోవర్లను పెంచుకోవాలా, యాడ్స్ వెయ్యాలా?

రెండూ ఇప్పుడే వద్దు. చిన్న షాపుకు అమ్మకం పోయేది ఎక్కువగా ధర అడగడానికీ డబ్బు వెయ్యడానికీ మధ్యలో. అక్కడ చిల్లు ఉండగా కొత్తవాళ్లను ఎంతమందిని తెచ్చినా వాళ్లూ అదే దారిన పోతారు, యాడ్ డబ్బు దండగ.

ఒక నోట్‌బుక్కులో నాలుగు గడులు గీయండి: ధర అడిగినవారు, వీడియో అడిగినవారు, అడ్రస్ ఇచ్చినవారు, డబ్బు వేసినవారు. రెండు వారాలు రాస్తే ఎక్కడ ఆగిపోతున్నారో మీకే కనిపిస్తుంది. ధర చెప్పగానే చాలామంది మాయమవుతుంటే, అదే ఫొటో వాళ్లకు ఇంకో గ్రూపులో తక్కువకు కనిపించి ఉంటుంది, లేదా ఆ ధర ఎందుకో మీ పోస్టులో లేదు. వీడియో చూశాక ఆగిపోతే రంగుతోనో బట్టతోనో ఇబ్బంది. అడ్రస్ ఇచ్చి కూడా డబ్బు వెయ్యకపోతే అది నమ్మకం సమస్య. ముగ్గురికీ మందు ఒకటి కాదు, అందుకే ముందు లెక్క.

‘ధర కోసం మెసేజ్ చెయ్యండి’ అని రాయడం ఈ రోజే మానెయ్యండి. ధర కనపడకపోతే చాలామంది అడగనే అడగరు. అడిగినవాళ్లకు వెళ్లే మొదటి జవాబులోనే సంగతంతా ఉండాలి. ఇలా:

“మంగళగిరి కాటన్, నిజాం బోర్డర్, బాడీ ప్లెయిన్. చీర 5.5 మీటర్లు, రన్నింగ్ బ్లౌజ్ 80 సెంటీమీటర్లు. ధర 1,290, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొరియర్ కలిపి. సాయంత్రం 4 లోపు డబ్బు వేస్తే రేపు డిస్పాచ్. డ్యామేజ్ వస్తే మారుస్తాం, పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి ఆపకుండా తీసిన వీడియో పంపాలి.”

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో దీన్ని క్విక్ రిప్లైగా పెట్టుకుంటే స్లాష్ గుర్తు కొట్టగానే వస్తుంది, చీర పేరు, ధర మార్చి పంపడమే. అదే యాప్‌లో లేబుల్స్ ఉంటాయి. ‘ధర అడిగారు’, ‘పేమెంట్ రావాలి’, ‘డిస్పాచ్ అయింది’, ‘మళ్లీ కొన్నవారు’ అని నాలుగు చాలు. అడిగి ఆగిపోయినవాళ్లకు మర్నాడు ఒక్కసారి మెసేజ్ పెట్టండి. ‘తీసుకుంటున్నారా అండీ?’ అంటే ఒత్తిడిగా ఉంటుంది, జవాబు రాదు. ‘ఇదే నేతలో వంకాయ రంగు కూడా ఉందండీ, పగటి వెలుగులో తీసిన వీడియో పంపనా?’ అంటే చాలామంది పలుకుతారు. దానికీ పలక్కపోతే వదిలెయ్యండి. రెండోసారి అడిగితే మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత మీరు ఏం పెట్టినా వాళ్ల కంట పడదు.

ఫొటోల దగ్గరే ఎక్కువ పని ఉంది. హోల్‌సేలర్ పంపిన మోడల్ ఫొటో మీతోపాటు ఇంకెంతోమంది రీసెల్లర్ల దగ్గర ఉంటుంది. అదే ఫొటో పెట్టినంతకాలం మీరు పోటీపడేది ఒక్క ధరతోనే, అందులో మీకన్నా తక్కువకు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చీర మీ చేతిలో ఉండాలి, ఫొటో మీ ఇంట్లో తియ్యాలి. ఉదయం ఎండ సూటిగా పడని కిటికీ పక్కన, ట్యూబ్‌లైటు ఆర్పేసి తియ్యండి, పగటి వెలుగూ లైటు వెలుగూ కలిస్తే రంగు మారిపోతుంది. రాణి పింక్, ఎరుపు, రామా గ్రీన్ ఫోన్ కెమెరాల్లో ఉన్నదానికన్నా మెరిసిపోతాయి. స్క్రీన్ మీద చీరను వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం తగ్గిస్తే జరీ తెల్లగా పేలిపోకుండా ఉంటుంది. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీస్తే, కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే రంగు తప్పిందని తెలిసిపోతుంది. ఫిల్టర్ అసలు వాడొద్దు. ‘ఫొటోలో ఒక రంగు, వచ్చింది ఒక రంగు’ అనే గొడవతో తిరిగొచ్చిన ఒక్క చీర మిగతా చీరల లాభం తినేస్తుంది.

ఒక్కో చీరకు అయిదు ఫొటోలు తియ్యండి: మడతలో మొత్తం చీర, కొంగు, బోర్డర్ దగ్గర నుంచి, బ్లౌజ్ ముక్క, వెనక వైపు. వెనక వైపు ఫొటో తియ్యనివాళ్లే ఎక్కువ, కానీ తెలిసిన కొనుగోలుదారు వెతికేది అదే. అసలు పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ కనిపిస్తుంది, ప్రింట్ చేసిన పోచంపల్లి డిజైన్ వెనక పాలిపోయి ఉంటుంది. పదిహేను ఇరవై సెకన్ల వీడియోలో బోర్డర్ నుంచి కొంగు దాకా నెమ్మదిగా చూపించి, చివర్లో బట్ట వెనక చెయ్యి పెట్టండి. పల్చనా మందమా అన్న ప్రశ్న అక్కడే తీరిపోతుంది. రంగుకు మన పేర్లే రాయండి: నెమలికంఠం, చిలకపచ్చ, అరిటాకు పచ్చ, గంధం. ‘గ్రీన్’ అని రాస్తే ఏ గ్రీన్ అని మళ్లీ అడగాల్సి వస్తుంది.

ఇక నిజం రాయడం. ఇక్కడ నేను గట్టిగా చెబుతాను. సెమీ గద్వాల్‌ని (గద్వాల్‌ని పోలిన చవక రకం) గద్వాల్ అని, ఆర్ట్ సిల్కును (కృత్రిమ పట్టు) పట్టు అని, పవర్‌లూమ్‌ను చేనేత అని రాయకండి. సప్లయర్ ‘ప్యూర్’ అన్నాడని మీరూ అనకండి. కుచ్చు పోగొకటి తీసి కాల్చి చూడండి: పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కాటన్ కాలితే కాగితం వాసన. పట్టుకు సిల్క్ మార్క్, చేతి నేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫొటో కూడా పెట్టండి. సెమీ అని రాస్తే అమ్ముడుపోదేమో అన్న భయం అక్కర్లేదు, ఆ ధరలో కావాలనుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మోసపోయామనుకున్న మనిషి మాత్రం తన అక్కచెల్లెళ్లకూ చెబుతుంది.

స్టాక్ వచ్చిన రోజే ప్రతి చీరనూ పూర్తిగా విప్పి వెలుగుకు అడ్డంగా పట్టి చూడాలి. తప్పిన పోగు, నూనె మరక, మడత దగ్గర రంగు తేడా, లేచిన జరీ అప్పుడే దొరుకుతాయి. టేపుతో కొలవండి కూడా. అయిదున్నర మీటర్లని చెప్పి 5.2 మాత్రమే ఉండే చవక స్టాక్ ఉంటుంది, కుచ్చిళ్లు సరిపోక కస్టమర్ తిట్టేది మిమ్మల్నే. డ్యామేజ్ వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో అని సప్లయర్‌తో కొనకముందే మాట్లాడుకోండి. మంగళగిరి, చీరాల, పోచంపల్లి లాంటి నేత ఊళ్లయినా, విజయవాడ వస్త్రలత, హైదరాబాద్ మదీనా లాంటి హోల్‌సేల్ మార్కెట్లయినా ఇది మారదు. 300 ఫొటోలు ఫార్వర్డ్ చేసేకన్నా సొంతంగా 25 చీరలు, అవీ రెండే రకాల్లో ఉంచుకోవడం మేలు. 850 చొప్పున 25 అంటే 21,250 రూపాయలు. ‘ఆవిడ దగ్గర మంగళగిరి కాటన్ బాగుంటుంది’ అన్న పేరు రావాలంటే రకాలు తక్కువ ఉండాలి.

ధర లెక్క చాలామందికి ఇక్కడే తప్పుతుంది. ఉదాహరణకు చీర 850, తెచ్చిన ఖర్చు 20, కవరు, టేపు 15, కొరియర్ 80, మార్పిళ్లకూ డ్యామేజీకీ పక్కన పెట్టేది 25. మొత్తం 990. 1,150కి పెట్టి, బేరమాడితే వంద తగ్గిస్తే మిగిలేది 60. ఆ అరవైలో మీ సమయం, ఫోన్ రీచార్జి, అమ్ముడుపోని చీరల భారం అన్నీ ఇమడాలి, ఇమడవు. 1,290 పెడితే 300 మిగులుతుంది, బేరానికీ చోటుంటుంది. తగ్గింపు ఇవ్వాలనుంటే రెండో చీర మీద ఇవ్వండి. రెండూ కలిపి కిలో లోపు ఉంటే కొరియర్ 160 బదులు 120 దాకా అవుతుంది. రెండింటికీ కలిపి 80 తగ్గించినా ఒక్క పార్సిల్‌తో 560 మిగులుతుంది.

బరువు ముందే తూచుకోండి. కొరియర్లలో 500 గ్రాములు దాటితే తర్వాతి శ్లాబు పడుతుంది. అట్టపెట్టె పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి ఆ బరువుకు వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. కాటన్ చీరకు పెట్టె దేనికి, పాలిథిన్ కవరులో పెట్టి పైన కొరియర్ బ్యాగు వేస్తే చాలు.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి: అలవాటైన కస్టమర్‌కు తప్ప వద్దు. తలుపు దగ్గర వద్దంటే రానూపోనూ చార్జీ మీదే. తప్పనిసరైతే 150 అడ్వాన్స్ తీసుకోండి, నిజంగా కొనేవాళ్లు అంతమాత్రానికి వెనకాడరు. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి ఎప్పుడూ పంపకండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారు చేసే యాప్‌లే ఉన్నాయి. మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఎవరైనా పిన్ కొట్టమంటే అది మోసం.

గ్రూపు విషయం. రోజుకు ముప్పై ఫొటోలు పెడితే నోటిఫికేషన్ ఆపేస్తారు. రోజుకు రెండు చీరలు చాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకటి, రాత్రి తొమ్మిది దాటాక ఒకటి, ఆ వేళ మీరు ఫోన్ దగ్గర ఉండాలి. పాత కస్టమర్లకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు విడిగా పెట్టుకోండి. ఒక్కో లిస్టులో 256 మంది వరకే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అందుకే ప్రతి పార్సిల్లో ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని చిన్న చీటీ పెట్టండి, ఉతికే పద్ధతి కూడా దాని మీదే: మొదటిసారి విడిగా, చన్నీళ్లలో, నీడలో ఆరేయాలి. ఎవరు ఏ రంగు కొన్నారు, ఎంత ధరలో, ఇంట్లో పెళ్లి ఉందా అన్నది రాసుకోండి. ఆమెకు నచ్చే చీర వచ్చినప్పుడు ఆమెకొక్కదానికే పంపితే, 400 మందికి పెట్టినదానికన్నా త్వరగా పోతుంది.

పండగ లెక్క క్యాలెండర్ తేదీని బట్టి కాదు, టైలర్‌ని బట్టి. వరలక్ష్మీ వ్రతానికి చీర కావాలంటే బ్లౌజ్ కుట్టడానికి వారం పది రోజులు, కొరియర్‌కు మూడు నాలుగు రోజులు. కాబట్టి మీ అమ్మకం వ్రతానికి రెండు వారాల ముందే ముగిసిపోతుంది, స్టాక్ ఆషాఢం మొదట్లోనే చేతిలో ఉండాలి. ఆషాఢంలో పెద్ద షాపులు తగ్గింపులిస్తాయి, వాటితో ధరలో పోటీ పడకండి, ఆ నెల మొదట్లోనే ఫొటోలు తీసి పెట్టుకోండి. బతుకమ్మ, దసరా, సంక్రాంతికీ ఇదే లెక్క. మూఢంలో పెళ్లి చీరలు కదలవు, రోజువారీ కాటన్లు పెట్టండి. వేసవి అంతా మంగళగిరిదే.

మీ పరిమాణానికి అసలైన ఎదుగుదల పెట్టుబడి చీరల్లో ఉంది. గృహప్రవేశానికో పెళ్లికో చుట్టాలకు పెట్టే పాతిక ముప్పై చీరలు ఒకే ఇంటి నుంచి వస్తాయి, చీరకు 400 నుంచి 600 లోపు. ఒకే నేత, ఒకే ధర, రంగులు మాత్రం వేరుగా ఇవ్వండి, చుట్టాలు పోల్చుకుంటారు కాబట్టి. నలుపు కలపకండి. సగం అడ్వాన్స్ తీసుకుని, చివర్లో పెరిగే పేర్ల కోసం అడిగినదానికన్నా రెండు మూడు ఎక్కువ తెచ్చి, మిగిలితే వెనక్కి తీసుకుంటామని చెప్పండి. ఆ మాటకే ఆర్డరు ఖాయమవుతుంది. చీరకు 90 మిగిలినా ముప్పైకి 2,700, కొరియర్ ఒక్కసారే. పాత కస్టమర్లందరికీ ‘పెట్టుబడి చీరలు కావాలంటే పదిహేను రోజుల ముందు చెప్పండి’ అని స్టేటస్ పెట్టండి, మీరు ఇవి ఇస్తారని వాళ్లకు తెలియదు.

45 రోజులైనా కదలని చీరకు ధర తగ్గించకముందు ఫొటో మార్చండి, చాలాసార్లు తప్పు అందులోనే ఉంటుంది. 60 రోజులకు ఇంకో చీరతో జత కట్టండి. 90కి మీరు కొన్న ధరకే వదిలేసి ఆ డబ్బుతో కదిలే రకం తెచ్చుకోండి.

అమ్మకాలు పెరిగేముందు జీఎస్టీ సంగతి చూసుకోండి. వస్తువులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే మీ రాష్ట్రం దాటి, పక్క తెలుగు రాష్ట్రానికైనా, బెంగళూరుకో చెన్నైకో అయినా అమ్మితే మామూలుగా ఆ పరిమితి వర్తించదు, ముందే రిజిస్టర్ కావాలి. చేతివృత్తుల వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి, మీవి వాటిలోకి వస్తాయో లేదో ఆడిటర్‌తో తేల్చుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు అడిగితే ఒప్పుకునే ముందు ఇంకో మాట: 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. సుంకం ఎవరు కట్టాలో కొరియర్ కంపెనీని అడిగి, ఆ మొత్తం కస్టమర్‌కు రాతలో చెప్పి, సరే అన్నాకే డబ్బు తీసుకోండి.