తల అడ్డంగా ఊపితే అవునా, కాదా?

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో కౌంటర్ పని చేస్తాను. రూము అద్దె చెప్పగానే చాలామంది తల అటూ ఇటూ ఆడిస్తారు. సరే అన్నారనుకుని పేరు రాస్తే ‘మేమెప్పుడు ఒప్పుకున్నాం?’ అని గొడవ. కొందరి ముఖాలు చూస్తే మాట్లాడాలంటేనే భయం. మనుషుల్ని పసిగట్టేదెలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తల పైకీ కిందికీ ఆడితే అవును. గడ్డం ఈ భుజం నుంచి ఆ భుజానికి తిరిగితే కాదు. వీటితో తంటా లేదు. ముఖం మీవైపే ఉండి, చెవులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి భుజాలవైపు వాలుతుంటే అది మూడో రకం. ‘సరే’, ‘వింటున్నా’, ‘చూద్దాంలే’ – మూడింటికీ మనవాళ్ళు వాడేది అదే. ‘ఊఁ’ అనడమూ అంతే. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు, కథకు ఒప్పుకున్నారని కాదుగా!

తలతోపాటు మిగతా ఒళ్ళు ఏం చేస్తోందో చూడండి. చేయి జేబులోకో, ఆధార్ కార్డున్న సంచిలోకో వెళ్తే దాదాపు ఒప్పుకున్నట్టే. తల ఊగుతున్నా పాదాలు గుమ్మంవైపు తిరిగి ఉంటే ఇంకా తేల్చుకోలేదు. చూపు వెనకున్న భార్యవైపో, పెద్దాయనవైపో పోతే, నిర్ణయం చెప్పాల్సింది అక్కడున్నవాళ్ళు. వాళ్ళకు కూడా వినపడేలా అద్దె ఇంకోసారి చెప్పండి.

ఇవన్నీ అంచనాలే. పెన్ను పట్టేముందు నోటితో చెప్పించుకోవాలి. ‘సరేనా?’ అంటే మళ్ళీ తలే ఊగుతుంది. ‘ఒక రోజుకా, రెండు రోజులకా?’, ‘అడ్వాన్సు నగదా, ఫోన్‌పేనా?’ అనండి. వీటికి తల ఊపి తప్పించుకోవడం కుదరదు. తెలుగు రానివాళ్ళకు అద్దె కాగితం మీద అంకెల్లో రాసి చూపండి. రెండు వేళ్ళు చూపిస్తే రెండు వందలో రెండు వేలో ఎవరికి తెలుసు?

ఇక ముఖాలు. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి, క్యూలో గంటలకొద్దీ నిలబడి, ఘాట్‌రోడ్డులో బస్సు మీద కొండ దిగి వచ్చినవాళ్ళ నుదురు ముడిపడి ఉంటే అది మీ మీద కోపం కానక్కర్లేదు. అలసట, ఎండ, ఆకలి కూడా ముఖాన్ని అలాగే మారుస్తాయి. కాబట్టి అద్దె మాట ఎత్తకముందే ఆ మనిషి మామూలు తీరు పట్టుకోండి. ఏ ఊరు, ఎంతమంది వచ్చారు – ఇలా డబ్బుతో సంబంధం లేనివి రెండు అడిగి, ఓ అర నిమిషం గొంతు, చూపు, చేతులు గమనించండి. ఆ తర్వాత అద్దె చెప్పండి. అప్పటిదాకా మామూలుగా ఉన్న నుదురు అప్పుడే ముడిపడితే అది అద్దె గురించి. మొదటినుంచీ ముడిపడే ఉంటే ముందు మంచినీళ్ళివ్వండి. ఏం మారింది, ఏ మాట దగ్గర మారింది అన్నదే చూడాలి. ఒక్క సైగను విడిగా పట్టుకుని అర్థం చెప్పబోతే మీ గొడవలు తగ్గవు.

ప్రశ్న: మనం చెప్పేదాంట్లో మాటలు 7 శాతమేననీ, 93 శాతం హావభావాలేననీ ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: కాదు. 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు చిన్న ప్రయోగాలను కలిపి కట్టిన లెక్క అది: మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55. మాట ఒకలా, గొంతు, ముఖం ఇంకోలా ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ ఇష్టాయిష్టాలను వేటినిబట్టి తేల్చుకుంటామన్నదే అక్కడి సంగతి. అన్ని సంభాషణలకూ అది వర్తించదని ఆయనే చెప్పారు. 93 శాతం నిజమైతే మీరు లెక్కల పాఠం నోరు విప్పకుండానే చెప్పెయ్యొచ్చు.

ప్రశ్న: త్వరలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టనీ, కళ్ళు దించుకుంటే అబద్ధమనీ వీడియోల్లో చెబుతున్నారు. నాకు రెండూ అలవాటే. పైగా చేతులు వణుకుతాయి.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: బడిలో ‘చేతులు కట్టుకో’ అని కూర్చోబెట్టిందీ, పెద్దల ముందు కళ్ళు దించమన్నదీ మనవాళ్ళే. మన దగ్గర అది వినయం. ఏసీ గదిలో అయితే చలి కూడా కావచ్చు. కాకపోతే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా ఆ వీడియోలే చూసి ఉండొచ్చు కదా, కాస్త సర్దుకోండి.

వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేలమీద పెట్టి, చేతులు ఒళ్ళో వదులుగా ఉంచండి. వేళ్ళు బిగించి పట్టుకుంటే వణుకు తగ్గదు, పెరుగుతుంది. విడి కాగితం పట్టుకోవద్దు, వేళ్ళ దగ్గర కొంచెమే ఉన్న వణుకు కాగితం అంచున బాగా కనపడుతుంది. సర్టిఫికెట్లు గట్టి అట్ట ఫైల్లో పెట్టుకోండి. ఆ పూట కాఫీ మానేయండి. లోపలికి వెళ్ళేముందు రెండు నిమిషాలు, 4 అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి.

చూపు సంగతి: 2016లో వచ్చిన లండన్ పరిశోధన ఒకదాంట్లో, కళ్ళలోకి చూపు సగటున 3.3 సెకన్లు నిలిస్తే బాగుందనిపిస్తుందని తేలింది. గుడ్లప్పగించి చూడక్కర్లేదన్నమాట. జవాబు మొదలుపెట్టేటప్పుడు అడిగినవాళ్ళను చూడండి, మధ్యలో మిగతావాళ్ళను, ముగించేటప్పుడు మళ్ళీ అడిగినవాళ్ళను. ఆలోచించేటప్పుడు చూపు పక్కకు పోవడం అందరికీ ఉన్నదే.

ఇంట్లో ఫోన్‌ను కళ్ళ ఎత్తులో, నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. మొదట సౌండు తీసేసి చూడండి, తర్వాత తెర చూడకుండా వినండి. కనపడ్డ తప్పుల్లో వారానికి ఒక్కటే దిద్దుకోండి. అన్నీ ఒకేసారి దిద్దబోతే కీ ఇచ్చిన బొమ్మలా తయారవుతారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. ట్యూషన్‌కి వెళ్ళానంటాడు కానీ కళ్ళు కలపడు. అబద్ధమేనా?
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: కళ్ళనుబట్టి తేల్చకండమ్మా. అబద్ధాల మీద జరిగిన వందలాది పరిశోధనలను కలిపి 2006లో లెక్క చూస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా చెప్పగలిగింది 54 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. తిడతారన్న భయం కూడా కళ్ళు దించేస్తుంది.

ఎదురుగా నిలబెట్టి అడగొద్దు. అనపగింజలు పితుకుతూ పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ రోజు ఏ లెక్కలు చేయించారు?’ అనండి. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టేదాకా మీరు మాట్లాడకండి. ఆ ఖాళీని మనమే నింపేస్తే పిల్లలు చెప్పబోయింది మింగేస్తారు. చిన్నప్పటినుంచీ ఎవరితోనూ కళ్ళు కలపని పిల్లవాడైతే సంగతి వేరు. అప్పుడు చూడమని బలవంతపెట్టకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

ట్యూషన్‌కి వెళ్ళాడా లేదా అన్నది మాత్రం మాస్టారికి ఫోన్ చేస్తే తేలిపోతుంది.