జిగురు పట్టిన బటన్లు, అరిగిన సీటు

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొన్నాను. ఇంజిన్ బాగుంది కానీ డ్యాష్‌బోర్డు బటన్లు వేలికి జిగురులా అంటుకుంటున్నాయి, డ్రైవర్ సీటు అంచు తోలు అరిగి తెల్లబడింది. అన్నీ కొత్తవి వేయించాలా?

జవాబు: వద్దండీ, తొందరపడకండి. ఆ జిగురు మురికి కాదు, ప్లాస్టిక్ మీద వేసిన మెత్తటి పూత. ఎండకీ తేమకీ ఏళ్లు గడిచేకొద్దీ అదే కరిగినట్టు అవుతుంది, ఖరీదైన కార్లలోనూ ఇదే గోల. స్పిరిట్ లాంటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని గుడ్డకి కొద్దిగా అద్ది (బటన్ మీద నేరుగా పోయకండి, లోపల స్విచ్ పాడవుతుంది) ఓపిగ్గా తుడిస్తే పూత ఊడొస్తుంది, కాకపోతే దాంతోపాటు గుర్తులు కూడా చెరిగిపోవచ్చు, కాబట్టి ముందు ఓ మూల చూసుకోండి. అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో వాడేది) జోలికి మాత్రం వెళ్లొద్దు, ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

సీటు సంగతికొస్తే, దిగేటప్పుడు ప్యాంటు రాసుకుని పోయింది ఎక్కువగా పైరంగే. లెదర్ క్లీనర్‌తో జిడ్డు తీసి, 600 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, లెదర్ రంగు పల్చగా నాలుగైదు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. పగుళ్లుంటే ముందే వంగే రకం ఫిల్లర్ (పగుళ్లు పూడ్చే పేస్టు) పెట్టండి. చిరిగిపోతే మాత్రం సీటు కుట్టేవాళ్ల దగ్గరికే.