సంతాప దినాల్లో ఆటలు ఆపాలా?

ప్రశ్న: జాతీయ సంతాపం పాటిస్తున్న రోజుల్లో క్రీడా పోటీలను యథావిధిగా జరపడం ఉచితమేనా?

జవాబు: అది ఆట జరగడం కన్నా జరిగే తీరు మీదనే ఎక్కువగా ఆధారపడుతుందని మా అభిప్రాయం. 2022 సెప్టెంబరు 8న బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ 96 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు, పోటీలను రద్దు చేయాలన్న నిర్బంధమేమీ లేదని ప్రభుత్వం చెప్పినప్పటికీ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నిర్వాహకులు ఆ వారాంతపు మ్యాచ్‌లన్నింటినీ, చివరికి పిల్లల ఆటలను కూడా, వాయిదా వేశారు. (పిల్లల ఆట ఆపితే ఎవరికి గౌరవం దక్కిందో మాకు ఇప్పటికీ బోధపడలేదు.) క్రికెట్ నిర్వాహకులు మాత్రం ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాతో టెస్టును 9వ తేదీ ఒక్కరోజు ఆపి, మరునాడు ఆటగాళ్లు నల్లపట్టీలు ధరించి ప్రేక్షకులతో కలిసి మౌనం పాటించిన తరువాతనే మొదలుపెట్టారు. ఖాళీ మైదానం చూపలేని గౌరవాన్ని ఆ నిశ్శబ్దం చూపింది.

నిండు జీవితం గడిపినవారి మరణం వేరు, హఠాత్తుగా జరిగిన ఘోరం వేరు. 1963 నవంబరులో అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన రెండు రోజులకే అమెరికాలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు జరిపించిన కమిషనర్ పీట్ రోజెల్, తరువాత ఆ నిర్ణయానికి పశ్చాత్తాపపడ్డారు. అటువంటి సమయంలోనూ, అంత్యక్రియల రోజునా ఆటను ఆపవలసిందే.