యాంటీబాడీలు వైరస్‌లోని ఏ ప్రోటీన్‌ను గుర్తుపట్టాయి?

ప్రశ్న: వైరల్ ఇన్ఫెక్షన్ తగ్గిన తరువాత ఎలైజా పరీక్షతో యాంటీబాడీల ఉనికి తెలుస్తుందని చదివాను. ప్రోటీన్ మైక్రోఅర్రే అనే విధానంలో కొద్దిపాటి రక్తంతోనే వందల పరీక్షలు ఒకేసారి చేయవచ్చంటున్నారు. అది ఎలా సాధ్యం? దానివల్ల అదనంగా తెలిసేదేమిటి?

జవాబు: ఒకే వైరస్‌పై మన శరీరం తయారు చేసే యాంటీబాడీలన్నీ ఒకే లక్ష్యాన్ని పట్టుకోవు. వైరస్ ఉపరితలంపై ఉండే ప్రోటీన్‌ను పట్టుకునేవి కొన్ని, లోపల జన్యుపదార్థాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్‌ను పట్టుకునేవి మరికొన్ని. వైరస్ మన కణాల్లో వృద్ధి చెందేటప్పుడు మాత్రమే తయారయ్యే ప్రోటీన్లపై పుట్టేవి ఇంకొన్ని. ఎలైజాలో సాధారణంగా పరీక్ష పలకలోని ఒక గుంటలో ఒక ప్రోటీన్‌నే పూస్తారు కనుక దానికి సంబంధించిన సమాధానమే వస్తుంది.

మైక్రోఅర్రేలో నైట్రోసెల్యులోజ్ వంటి పూత వేసిన చిన్న గాజు పలకపై వందల ప్రోటీన్లను యంత్రంతో అతి సూక్ష్మమైన చుక్కలుగా వరుసల్లో ముద్రిస్తారు. ఏ చుక్కలో ఏ ప్రోటీన్ ఉందో ముందే నమోదై ఉంటుంది. పలుచన చేసిన సీరాన్ని (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవాన్ని) ఆ పలకపై పోసినప్పుడు ప్రతి యాంటీబాడీ తాను గుర్తించిన ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. మిగిలినదాన్ని కడిగివేసి, మానవ యాంటీబాడీలను పట్టుకునే మరో యాంటీబాడీని, దానికి వెలుగునిచ్చే రంగును జోడించి, పోస్తారు. లేజర్ స్కానర్ ఒక్కో చుక్క నుంచి వచ్చే వెలుగును కొలుస్తుంది. యాంటీబాడీల్లో ఐజీజీ, ఐజీఎం అనే రకాలున్నాయి; ఐజీజీకి ఒక రంగు, ఐజీఎంకు మరో రంగు వాడితే రెండింటినీ ఒకే పలకపై చూడవచ్చు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో ఫిలిప్ ఫెల్గ్నర్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. మశూచి టీకాలో వాడే వాక్సీనియా వైరస్‌కు చెందిన 185 ప్రోటీన్లను ఆ బృందం ఒకే పలకపైకి చేర్చింది. అన్ని ప్రోటీన్లు అందుబాటులో ఉన్నా, యాంటీబాడీలు గుర్తించినవి వాటిలో కొన్నింటినే. ఈ విధానం అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం: ఏ ప్రోటీన్ ముఖ్యమో ముందే ఊహించి పరీక్షకు దిగనవసరం లేదు, రోగి సీరమే దాన్ని చూపుతుంది.

దగ్గరి బంధుత్వం ఉన్న వైరస్‌లను వేరుచేయడంలోనూ ఇది ఉపయోగపడుతుంది. డెంగీ వైరస్‌కు 4 సీరోటైపులు (ఉపరకాలు) ఉన్నాయి, జికా కూడా డెంగీ చెందిన ఫ్లేవివైరస్‌ల కుటుంబంలోనిదే. వాటి ఉపరితలంపై ఉండే ఎన్వలప్ ప్రోటీన్లు ఒకదానినొకటి పోలి ఉండడం వల్ల ఒకదానిపై పుట్టిన యాంటీబాడీ మరొకదాన్నీ పట్టుకుని, ఒక్క ప్రోటీన్‌పై ఆధారపడిన పరీక్షను తప్పుదారి పట్టించగలదు. ఎన్వలప్‌తో పాటు, అంతగా పోలిక లేని ఎన్‌ఎస్1 ప్రోటీన్లను (వైరస్ కణాల్లో వృద్ధి చెందేటప్పుడు తయారయ్యేవి) కూడా పక్కపక్కనే ముద్రించి పోల్చినప్పుడు ఏ వైరస్ సోకిందో నిర్ణయించడం కొంత సులువవుతుంది. టీకా వల్ల పుట్టిన స్పందనను ఇన్ఫెక్షన్ నుంచి వేరుచేసే తర్కం కూడా ఇటువంటిదే. వైరస్ ఉపరితలంపై ఉండే స్పైక్ ప్రోటీన్‌పై మాత్రమే ఆధారపడిన కోవిడ్ టీకా తీసుకున్న వ్యక్తిలో, లోపల జన్యుపదార్థాన్ని అంటిపెట్టుకుని ఉండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌పై యాంటీబాడీలు కనిపిస్తే, అవి టీకా వల్ల వచ్చినవి కావు.

ప్రశ్న: ఒక చుక్క దగ్గర వెలుగు బాగా ఎక్కువగా ఉంటే ఆ వ్యక్తికి గట్టి రక్షణ ఉన్నట్టేనా?

జవాబు: కాదు. పలక చెప్పేది యాంటీబాడీ అతుక్కున్నదని మాత్రమే. కణంలోకి వైరస్ వెళ్లకుండా అది అడ్డుకుంటుందో లేదో తెలియాలంటే సజీవ కణాలతో తటస్థీకరణ పరీక్ష చేయాలి. న్యూక్లియోక్యాప్సిడ్‌పై యాంటీబాడీలు ఎంత ఎక్కువగా ఉన్నా, ఆ ప్రోటీన్ వైరస్ లోపల ఉండడం వల్ల అవి వైరస్ ప్రవేశాన్ని నేరుగా ఆపలేవు.

వెలుగు లేనంత మాత్రాన యాంటీబాడీ లేదనీ అనలేం. ఈ ప్రోటీన్లను చాలాసార్లు ఈ-కోలై బ్యాక్టీరియాలో గానీ, దాని సారంతో పరీక్షనాళికలో గానీ తయారు చేస్తారు. అలా వచ్చినవాటికి మన కణాల్లో చేరే చక్కెర అణువులు ఉండవు, మడతలు కూడా సహజ రూపంలో ఉండకపోవచ్చు. సహజ ఆకృతిని మాత్రమే గుర్తించే యాంటీబాడీ అటువంటి చుక్కను విడిచిపెడుతుంది. పైగా చాలామంది రక్తంలో ఈ-కోలైపై యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి కనుక, సీరాన్ని ముందుగా ఈ-కోలై సారంతో కలిపి ఉంచకపోతే అసలు సంబంధమే లేని వెలుగు కనిపిస్తుంది.

అందువల్ల ఇది ప్రధానంగా పరిశోధనశాలల సాధనంగానే ఉంది. వందల ప్రోటీన్లలో రోగులను ఆరోగ్యవంతుల నుంచి స్పష్టంగా వేరుచేసే కొన్నింటిని దీనితో ఎంచుకుని, వాటితో తిరిగి ఎలైజా వంటి సులభమైన పరీక్షలను రూపొందిస్తారు.