సమాధానం: ఒకే ఫిట్టింగ్ జాబ్‌కు ఇద్దరి మార్కుల్లో ఇంత తేడా ఎందుకు?

మాస్టారూ, శ్రీకాకుళంలో మీ ఫిట్టర్ ట్రైనీ చేసిన చతురస్రం మేల్-ఫిమేల్ జాబ్‌కు (ఒక ముక్క రెండోదాని గాడిలో సరిగ్గా ఇమిడేలా చేసే పని) మీరు 78 వేస్తే రెండో ఎగ్జామినర్ 55 వేశారన్నారు. తేడా చాలావరకు కొలిచే పద్ధతిలోనే ఉంటుంది.

ముందు బర్ (రాసాక అంచున మిగిలే లోహపు పొర) తీయించారా? అంచున కంటికి ఆనని బర్ కూడా కొలతను పెంచేయొచ్చు. డ్రాయింగ్‌లో టాలరెన్సే (కొలతలో ఒప్పుకునే తేడా) ±0.04 మి.మీ. అన్నారు కదా! దానికి 0.02 మి.మీ. వరకే చూపే వెర్నియర్ కాలిపర్ చాలదు. సున్నా సరిచూసిన 0.01 మైక్రోమీటర్ వాడండి. ప్రతి కొలతా రెండు చివర్లా, మధ్యలో తీసి మూడూ రాయండి. సగటు మాత్రం కట్టొద్దు. ఆకురాయి ఊగి చివర్లు వాలిపోయిన సంగతి సగటులో దాక్కుంటుంది.

ఫిట్‌ను ఒక్క దిశలో చూసి వదిలేయకండి. మేల్ ముక్కను 90 డిగ్రీల చొప్పున తిప్పుతూ నాలుగుసార్లూ 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూడండి.

నేనైతే మేల్ సైజు తగ్గితే సున్నా, ఎక్కువుంటే సగం వేస్తాను, ఎక్కువైతే ఆకురాయితో ఇంకా అరగదీయొచ్చు కాబట్టి. ఫిమేల్ గాడికి ఇది తిరగబడుతుంది. మెరుపుకి 100లో 5 చాలు. హాక్సా (లోహం కోసే రంపం) పట్టు, వైస్ (ముక్కను పట్టి ఉంచే బిగింపు) బిగింపు, సేఫ్టీ మార్కులు పని జరుగుతుండగానే వేసేయాలి.

రెండో కొలత మర్నాడైతే జాబ్‌కు నూనె రాయించండి. మన తీరం తేమకి రాత్రికే తుప్పు పట్టేస్తుంది.